గేటుకు తగిలించిన క్యారేజీ

మూడు గిన్నెల స్టీలు క్యారేజీ ఎంత బరువుంటుంది? ఖాళీదైతే చిన్నపిల్లయినా రెండు వేళ్లతో ఎత్తుతుంది. నేను దాన్ని ఇన్నేళ్లుగా మోయలేక మోస్తున్నాను.

మా వంటింటి పై అరలో, పెద్ద డబ్బాల వెనక ఉంటుంది అది. పండగకు ఇల్లు దులిపినప్పుడల్లా చేతికి తగులుతుంది. దించుతాను, కడుగుతాను, తుడిచి మళ్లీ అక్కడే పెడతాను. పారేయలేను. వాడుకోవడానికి చేయి రాదు. తిరిగి ఇచ్చేద్దామంటే ఎవరి గిన్నెనూ ఖాళీగా పంపకూడదని మా ఇంట్లో అలవాటు. కనీసం కాస్త పంచదారైనా వేసి ఇవ్వాలి. ఇందులో ఏం వేసి ఇవ్వను? మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేరుంది. సుగుణ అని.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబుదామని చాలాసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ ఎండల గురించో కూరగాయల గురించో మాట్లాడి మూసుకున్నాను. నా పేరు మాత్రం రాయను. ఇంత చెప్పి పేరు దాచుకోవడం ఏమిటని మీకు అనిపించవచ్చు. నిజమే. కానీ నేను అలాంటిదాన్నేనని ముందే తెలియడం మంచిది.

మాది గుంటూరు వైపు. పెళ్లయి వచ్చింది మొదలు దిల్‌సుఖ్‌నగర్‌లోనే, ఒకే సందులో, ఒకే ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్నాం. మావారు చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ల పక్కన ఒక పుస్తకాల షాపులో పనిచేసేవారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. పిల్లల్లేరు. ఆ బాధ పాతబడిపోయిన తర్వాత, ఇక మాకు ఏ బాధా రాదులే అనుకుంటున్న రోజుల్లో నాకు రొమ్ము కేన్సర్ వచ్చింది. ఎడమ వైపు తీసేశారు. కీమో ఇచ్చారు. ఛాతీకి రేడియేషన్ ఇచ్చారు. బతికాను.

బతికి ఇంటికొచ్చాక మొదట చేసిన పని నా జాకెట్ నేను కుట్టుకోవడం. ఒట్టి దూది పెడితే నాలుగడుగులు వేసేసరికి పైకి జరిగిపోయేది. ఒక వైపు బరువుండి ఒక వైపు లేకపోతే భుజం కూడా లాగుతుంది. ఎన్నో రకాలుగా చూసి, చివరికి లోపల జేబులా కుట్టి, దూది మధ్యలో ఒక చిన్న గుడ్డసంచిలో ఆవాలు పోసి పెట్టాను. సరిపోయింది. కూర్చున్నా లేచినా కదలలేదు. ఆ రోజు పైట పదేపదే సర్దుకోకుండా కూరగాయల బండి దాకా వెళ్లి వచ్చాను. ఆ ఆనందం తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. ఆపరేషన్ అయిన ఆడవాళ్లు కొలతలకు వచ్చేవారు. తలుపేసి టేపు చేతిలోకి తీసుకునేసరికి ఏడుపు మొదలయ్యేది. నేను ఏడ్చేదాన్ని కాదు. నా పైట తీసి చూపించి, "చూడండి, ఇది ఆవాల డబ్బా. పోపుకి తక్కువైతే ఇందులోంచే తీస్తాను" అనేదాన్ని. ఏడుస్తున్నవాళ్లు నవ్వేవారు. నాకు ఆవాలక్క అని పేరు పడింది. ఆవాలక్క దగ్గరికి వెళ్లండి, ధైర్యం చెబుతుంది. అలా ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో అప్పట్లో నాకే తెలియదు. దాని కోసం ఏం చేయగలనో అంతకన్నా తెలియదు.

మెల్లగా మేం ఒక గుంపయ్యాం. అందరం ఆ రోగం నుంచి బయటపడ్డవాళ్లమే. ఆదివారాలు ఎవరో ఒకరి ఇంట్లో కలిసేవాళ్లం, మిగతా రోజులు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. మాకో పద్ధతి ఉండేది. కొత్తగా జబ్బు తెలిసిన ప్రతి మనిషికీ మాలో ఒకరు తోడు. ఆస్పత్రికి వెంట వెళ్లడం, కీమో ఎక్కేటప్పుడు పక్కన కూర్చోవడం, వాంతులకు ఏం తినాలో చెప్పడం, జుట్టు రాలేటప్పుడు తలకు గుడ్డ కట్టడం నేర్పడం, అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి. ఒకరి మనిషి విషయంలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. పది మంది పది సలహాలు చెబితే పేషెంటు బెదిరిపోతుందని మేమే పెట్టుకున్న నియమం. మంచి నియమమే. మంచివాళ్ల చేతుల్లో.

సుగుణ నా మనిషి.

నల్గొండ దగ్గర పల్లె ఆమెది. భర్త యాదగిరి ఎల్‌బీ నగర్ నుంచి విజయవాడకు ప్రైవేటు బస్సు నడిపేవాడు. చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్ వెనక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆ హాస్టల్లోనే సుగుణ వంట చేసేది. ఒక్కతే కూతురు, నవ్య. జబ్బు తెలిశాక పిల్లను ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఆపరేషన్ అయి, కుట్లు ఆరాక జాకెట్ కోసం నా దగ్గరికి వచ్చింది. నా ఆవాల మాటకు అందరిలా నవ్వి ఊరుకోలేదు. "అక్కా, ఆవాలు పిరం ఉన్నయి, నాకు సజ్జలు పొయ్యి" అంది. అప్పటి నుంచి ఆమె ఇంటికొస్తే మా ఇల్లు కళకళలాడేది. వచ్చేటప్పుడు వట్టి చేతులతో వచ్చేది కాదు. హాస్టలంత మందికి వండిన చేయి కదా, ఇద్దరికి వండటం రాదు. మూడు గిన్నెల నిండా తెచ్చేది. నేను ఏదో ఒకటి వేసి తిరిగి ఇచ్చేదాన్ని. అదే ఈ క్యారేజీ.

మొదటి కీమోకు నేనే వెంట వెళ్లాను. రెండోదానికీ నేనే. కరోనా రెండో విడత అప్పుడే ఊపందుకుంటోంది. హాస్టళ్లు మూసేశారు, సుగుణ పని పోయింది. బస్సులు ఆగిపోయాయి. యాదగిరికి ఒక సరుకు లారీ మీద పని దొరికింది. వదిలేస్తే మళ్లీ దొరకదని, ఎక్కడెక్కడికో తిరుగుతూ రోడ్ల మీదే ఉండేవాడు. ఆస్పత్రిలో కొత్త కట్టుబాట్లు పెట్టారు. పేషెంటుతో ఒక్కరే రావాలి, కానీ ఆ ఒక్కరూ తప్పకుండా ఉండాలి. తోడు లేకుండా వస్తే కీమో ఎక్కించరు, వెనక్కి పంపేస్తారు. సుగుణకు ఆ ఒక్కరు నేనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రావాలి కదా.

మూడో కీమోకు ముందు రోజు మా ఇంటి ఓనరు కరోనాతో పోయారు. పై వాటాలో ఉండేవారు. వారం కిందట మెట్లు దిగి, నడిచి అంబులెన్స్ ఎక్కారు. ఎక్కుతూ మావారితో, "మోటరు నిండినంక బంద్ జెయ్యి, మర్శిపోకు" అన్నారు. అంతే. ఇక రాలేదు. ఆ సాయంత్రం ఆయన భార్య పైన ఒక్కతే ఏడుస్తుంటే, మేం కింద నిలబడి విన్నాం. మెట్లెక్కలేదు. మావారు ఎక్కబోతే నేనే చేయి పట్టుకుని ఆపాను.

నాకు భయం వేసింది. ఎలాంటి భయమో చెప్పలేను. నాకు రేడియేషన్ ఇచ్చిన డాక్టరు వీడియోలో మాట్లాడుతూ, మీరు జాగ్రత్త, అనవసరంగా బయటికి వెళ్లొద్దు అన్నారు. అనవసరంగా అన్నారు, అసలే వెళ్లొద్దనలేదు. కానీ నాకు వెళ్లొద్దు అనే వినబడింది. ఒకసారి చావుకు దగ్గరగా వెళ్లి వచ్చినవాళ్లకు మళ్లీ చావంటే భయం ఉండదని అందరూ అనుకుంటారు. నేను కూడా అలాగే అందరికీ చెప్పేదాన్ని. అబద్ధం. ఇంకా ఎక్కువ ఉంటుంది.

సుగుణ ఫోన్ చేసింది. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

"అక్కా, ఆటో మాట్లాడిన. రేపు పొద్దుగాల జర జల్ది తయారుండు. లేటయితే మంచాలు దొరకయంట."

"సుగుణా, నేను రాలేనమ్మా."

"ఏమైందక్కా?"

ఇక్కడ, ఈ ప్రశ్న దగ్గర, భయమేస్తోందమ్మా అంటే సరిపోయేది. ఒక్క మాట. సుగుణ కోప్పడే మనిషి కాదు. సరే అక్కా అని ఇంకొకరిని చూసుకునేది. కానీ ఆవాలక్కకు భయమేస్తోందని ఎలా చెప్పను?

"మీ బావగారికి పాజిటివ్ వచ్చింది" అన్నాను.

మావారు అప్పుడు పక్కనే కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీస్తున్నారు. తలెత్తి నా వైపు చూశారు.

"అయ్యో! బావకా? ఊపిరి మంచిగ తీస్తుండా అక్కా?"

"తీస్తున్నారు. కొంచెం దగ్గు. ఇంట్లోనే ఉండమన్నారు."

"నీకో? నీకేం లేదు కదా? అసలే నీకు ఛాతికి కరెంటు పెట్టిన్రు."

"నాకేం లేదు. మరి నీ కీమో?"

"గది ఏడికి పోతది? బావ మంచిగైనంక ఇద్దరం కలిసే పోదం. జరంత లేటయితే ఏమైతది అక్కా?"

ఏమైతది అక్కా. ఆమె మామూలుగా అన్నట్టే అంది. కానీ అది ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషిని అడిగింది. కీమో తేదీ తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చిన ప్రతి ఆడమనిషికీ, ఆకాశం విరిగి మీద పడ్డా తేదీ తప్పొద్దని చెప్పేది నేనే.

"ఏం కాదులే" అన్నాను.

ఆమె సంతోషించింది. నిజంగా సంతోషించింది, గొంతులో తెలిసిపోయింది. వెంటనే, "మరి వంటెట్ల? నువ్వు ఏదీ కొనుక్కరావద్దు కదా. నేను వండి గేటుకు తగిలిచ్చి పోతా, నువ్వు బయటికి రాకు" అంది. వద్దన్నాను. కీమో మీదున్నదానివి, నువ్వసలు గడప దాటకూడదు అన్నాను. ఆ మాట మటుకు నిజంగానే అన్నాను. "నువ్వు నా కోసం రాలేదా అక్కా?" అని ఫోన్ పెట్టేసింది.

మర్నాటి నుంచి క్యారేజీ రావడం మొదలైంది.

లాక్‌డౌన్ సడలించే వేళ పొద్దున్నే వచ్చేది. చైతన్యపురి నుంచి మా సందు దాకా, మెట్రో స్తంభాల నీడలో నడుచుకుంటూ. నేను కిటికీ తెర వెనక నిలబడి చూసేదాన్ని. జుట్టు లేని తలకు నేను నేర్పినట్టే గుడ్డ చుట్టుకుని ఉండేది. మాస్కు మీద పైటకొంగు. గేటు కమ్మీకి క్యారేజీ తగిలించి, అవతలి అరుగు మీద కాసేపు ఆయాసం తీర్చుకునేది. తర్వాత నిన్నటి గిన్నెలు తీసుకుని వెళ్లిపోయేది. రెండు క్యారేజీలు మార్చి మార్చి తెచ్చేది. నేను ఖాళీవి కడిగి గేటుకు తగిలించేదాన్ని. కరోనా ఇంటి నుంచి ఏమీ వేసి ఇవ్వకూడదు కదా! నా అబద్ధంతో నా అలవాటు కూడా పోయింది.

ఆ అన్నం మేం తిన్నాం. తినక ఏం చేయాలి అని అప్పుడు అనుకున్నాను. మావారు మొదటి రోజు ముట్టుకోలేదు. "ఫోన్ చేసి చెప్పెయ్. నాకేం లేదని చెప్పు, టెస్టు తప్పొచ్చిందని చెప్పు" అన్నారు. ఎంత తేలిక దారి! టెస్టు తప్పొచ్చిందంటే అయిపోయేది. అప్పుడు మళ్లీ కీమోకు వెళ్లాల్సి వచ్చేది. ఈ రెండో వాక్యం రాయడానికి ఇన్నేళ్లు పట్టింది నాకు.

ఒకరోజు సుగుణ ఫోన్లో బావతో మాట్లాడతానంది. ఆయన చేతికి ఇచ్చి, దగ్గమని సైగ చేశాను. నా మొహం చూసి ఆయన దగ్గారు. ముప్పై ఏళ్ల కాపురంలో నేను ఆయన్ని అడిగి చేయించిన పనుల్లో అంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. సరిగ్గా కూడా దగ్గలేకపోయారు పాపం, గొంతులో ఏదో అడ్డం పడినట్టు దగ్గారు. అటు నుంచి సుగుణ, "బావా, మిరియాల చారు పంపిన, వేడి చేసుకొని తాగు" అంటోంది. ఆయన ఫోన్ నాకిచ్చేసి పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఇంకో మాట ఉంది. మొదటి నుంచీ దాన్ని తప్పించుకుని తిరుగుతున్నాను. మీరు గమనించే ఉంటారు. మా గుంపులో అంతమంది ఉన్నారు కదా, ఇంకెవరైనా సుగుణకు తోడు వెళ్లొచ్చు కదా?

వెళ్లేవారు. మాలో ఇద్దరు అలా రోజూ తిరుగుతూనే ఉన్నారు, కారులో, స్కూటీ మీద, పోలీసులకు ఆస్పత్రి చీటీ చూపించుకుంటూ. వాళ్లకూ ఛాతీలున్నాయి, వాళ్లకూ రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో ఒకామె ఫోన్ చేసి, "మీ సుగుణ కీమో ఎట్లయిందండీ? మీకు వీలుకాకపోతే నేను వెళ్తాను" అని అడిగింది. పేరు పేరునా అందర్నీ కనుక్కుంటోంది.

మా ఇంట్లో పాజిటివ్ అని ఆమెకు చెబితే పది మందికి తెలుస్తుంది. మా సందులో తెలుస్తుంది. మందులు తెస్తామంటారు, రిపోర్టు పంపమంటారు. అబద్ధం అన్ని ఇళ్లు తిరిగి మళ్లీ నా గేటు ముందుకే వచ్చి నిలబడుతుంది. అందుకని ఆమెకు వేరే అబద్ధం చెప్పాను.

"సుగుణను నేను చూసుకుంటున్నానండీ. అంతా సరిగ్గా నడుస్తోంది" అన్నాను.

మా నియమం తెలుసు కదా. ఒకరి మనిషి విషయంలో ఇంకొకరు వేలు పెట్టరు. ఆమె మళ్లీ అడగలేదు. నన్ను నమ్మింది.

భయపడటం తప్పు కాదు. ఇది నేనే నాకు చాలాసార్లు చెప్పుకున్నాను, ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజుల్లో ఎవరు భయపడలేదు? కానీ నేను తప్పుకుంటూ, నేను నిలబడాల్సిన చోటు ఖాళీగా ఉందని ఎవరికీ తెలియనివ్వలేదు. ఉత్త చోటు కాదు, అక్కడొక మనిషి ఉంది. సుగుణకు నేను ఉన్నానని గుంపు అనుకుంది. బావ కోలుకోగానే అక్క వస్తుందని సుగుణ అనుకుంది. ఆమె ఎవరి లెక్కలోనూ లేకుండా, పొద్దున్నే లేచి మాకు పప్పుచారు పెడుతోంది.

ఒక పొద్దున క్యారేజీ రాలేదు.

అమ్మయ్య అనుకున్నాను. దాచడం దేనికి, అదే అనుకున్నాను. తెర వెనక నిలబడి గేటు చూశాను, ఖాళీగా ఉంది, గుండె తేలికపడింది. విసుగొచ్చి మానేసి ఉంటుంది, మంచిదే, ఇంట్లో పడి ఉంటుంది అనుకున్నాను. మర్నాడూ రాలేదు. ఫోన్ చేయలేదు నేను. చేస్తే బావకెట్లుంది అని అడుగుతుంది, మళ్లీ దగ్గించాలి. కీమో మీదున్నవాళ్లకు జ్వరం వస్తే గంట కూడా ఆగొద్దని పాఠం చెప్పే మనిషిని నేను. నా పాఠం నాకు గుర్తురాలేదా? వచ్చింది. జ్వరం అయ్యుండదులే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం కనుక అనుకున్నాను.

యాదగిరి ఫోన్ చేశాడు. లారీ ఎక్కడో వదిలేసి వచ్చానన్నాడు. సుగుణను పెద్ద దవాఖానలో చేర్చామన్నాడు. కరోనా అన్నారట, చేర్చేసరికే చాలా ఆలస్యమైందట. "జ్వరమని ఎవలకు చెప్పలేదక్కా. అక్కకు చెప్తే పరేషాన్ అయితది, అసలే ఇంట్ల బావకు బాలేదు అన్నదంట పక్కింటామెతోని" అన్నాడు. ఆ తర్వాత ఆమెను నేను చూడలేదు. ఎవరూ చూడలేదు. ఆ రోజుల్లో ఎలా పంపించేవారో మీకూ తెలుసు.

గేటుకు చివరగా తగిలించిన క్యారేజీ నా దగ్గరే ఉండిపోయింది.

బస్సులు మళ్లీ తిరగడం మొదలయ్యాక యాదగిరి మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. సుగుణ క్యారేజీ తగిలించిన చోటే, గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. సగానికి సగం చిక్కిపోయాడు.

"అక్కా, మా వోళ్లు ఒకటే లొల్లి. మీ ఇంటికి వొచ్చిపోవుట్లనే అంటుకున్నదని. నేను తిట్టిన. రోగం ఎవలకు చెప్పి ఒస్తది? మీ తప్పేం లేదు. మీరు మనసుల పెట్టుకోవద్దు. గా మాట చెప్పనీకే ఒచ్చిన."

చూశారా? నన్ను క్షమించడానికి వచ్చాడు. మా ఇంట్లో లేని రోగాన్ని క్షమించి వెళ్లాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. ఆమె మా గేటు దగ్గర తెచ్చుకోలేదయ్యా, మా ఇంట్లో ఎవరికీ రాలేదు, మాకు కోడిగుడ్లు కొనడానికి దుకాణం ముందు జనంలో నిలబడి తెచ్చుకుని ఉంటుంది, నేను పొమ్మంటే కీమోకు పోయేది, నేను నోరు మూసుకోకపోతే వేరే మనిషి తోడు వెళ్లేది అని చెప్పాల్సింది. నేను పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. దుఃఖం నిజమే. కానీ ఆ దుఃఖం వెనక ఎంత హాయిగా దాక్కున్నానో నాకు మాత్రమే తెలుసు. "ఊకో అక్కా" అని అతనే నన్ను ఓదార్చాడు.

చాలాసార్లు అనుకుంటాను, నా అబద్ధం నిజమైపోయినా బాగుండేదని. మావారికో నాకో నిజంగా వచ్చుంటే, కాస్త మొహం చెల్లేది. రాలేదు. సందులో ప్రతి ఇంటికీ వచ్చింది, మా ఇంటికి రాలేదు. నాకు చిన్న జలుబు కూడా చేయలేదు. తర్వాత ఒక ఆదివారం మా గుంపంతా కలిసి, కష్టకాలంలో పేషెంట్లకు తోడున్నవాళ్లందరికీ శాలువాలు కప్పారు. నాకూ కప్పారు. కప్పించుకున్నాను. "సుగుణను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నారు" అంది ఆ ఫోన్ చేసినామె, కళ్లు తుడుచుకుంటూ. మావారు ఆ సభకు రాలేదు. ఆయన ఇంట్లో కూర్చుని ఉన్నారు. మేం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోం. ఆయనకు మామూలు దగ్గు వచ్చినా నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని అవతలి గదిలోకి వెళ్లి దగ్గుతారు.

నేను ఇప్పటికీ జాకెట్లు కుడతాను. ఆవాలు పోస్తాను. కానీ తోడు వెళ్లడం మానేశాను, మోకాళ్ల నొప్పులని చెప్పి. ధైర్యం మాత్రం ఎవరికీ చెప్పను. భయమేస్తోందని ఎవరైనా అంటే, వేయనివ్వమ్మా, ఎవరితోనైనా చెప్పు చాలు అంటాను.

ఇదంతా ఇప్పుడెందుకు అంటారేమో. ఎందుకంటే నవ్య వచ్చింది.

సుగుణ కూతురు. పది పూర్తయి ఇంటర్‌లో చేరింది. చైతన్యపురిలోనే హాస్టల్. యాదగిరి ఎల్‌బీ నగర్‌లో బస్సు ఎక్కబోతూ దారిలో దింపాడు. "పెద్దమ్మ అనుకోమని చెప్పిన అక్కా. ఐతారం ఐతారం మీ తాన ఉంటది. ఈడ మీరు తప్ప ఎవలున్నరు మాకు?" అని వెళ్లిపోయాడు. పిల్ల తల్లి పోలికే. కూర్చోమంటే నేల మీదే కూర్చుంది. ఇల్లంతా చూసింది. తర్వాత అడిగింది.

"పెద్దమ్మా, అమ్మ ఆఖరుకు మీకే వండి పంపిందంట కదా? నేను అమ్మమ్మ కాడ ఉంటి. అమ్మ చేసినవి నాకు సరిగ యాదికి లేవు. ఏమేం వండేది? మీకు రుచి యాదికుందా?"

ఉంది. అన్నీ ఉన్నాయి. పప్పుచారులో చింతపండు కాస్త ఎక్కువ పడేది. టమాటాలో గుడ్లు కొట్టి వేసేది. ఆనపకాయలో నువ్వులపొడి చల్లేది. మిరియాల చారు మా ఇద్దరికీ కళ్లనీళ్లు తెప్పించేది. ఆ పిల్లకు దక్కాల్సిన ఆఖరి ముద్దలన్నీ నా నాలుకకే తెలుసు. చెప్పాను. ఒక్కొక్కటీ చెబుతుంటే పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వింది. "వచ్చే ఐతారం నాకు నేర్పిస్తరా? ఆమె చేసినట్టే" అంది. నేర్పిస్తానన్నాను. అప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

రేపు ఆదివారం.

ఇప్పుడే క్యారేజీ దించాను. కడిగి గట్టు మీద బోర్లించాను. రేపు ఆ పిల్లతో వండించి, ఈ మూడు గిన్నెలూ నింపి, ఇది మీ అమ్మదే, తీసుకెళ్లమ్మా అని ఇవ్వాలి. దానికి ముందు చెప్పాలి. చెప్పిన తర్వాత ఆ పిల్ల ఇది తీసుకుంటుందో, గేటు బయట విసిరేసి పోతుందో, తండ్రిని పిలుస్తుందో నాకు తెలియదు. ఏం చేసినా అది ఆమె ఇష్టం. క్షమించమని మాత్రం అడగను. ఒకసారి ఆ ఇంటి నుంచి మోసం చేసి తీసుకున్నాను, అది చాలు.

చెప్పగలనో లేదో కూడా తెలియదు. నా సంగతి మీకు తెలిసిపోయింది కదా, నమ్మకండి. అందుకే ముందు మీకు చెప్పాను. ఒకసారి బయటికి వచ్చిన మాట రెండోసారి రావడానికి అంత కష్టం కాదేమోనని ఆశ. మావారు అవతలి గదిలో పేపరు చదువుకుంటున్నారు. ఆయనకు వినబడేలా, వంటింట్లో నిలబడి, బోర్లించిన గిన్నెల వైపు చూస్తూ పైకే అన్నాను. అవతల పేపరు చప్పుడు ఆగింది.

ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ కరోనా లేదు సుగుణా. నాకు భయమేసింది.